గ్రీకు అక్షరాల సేవా ఖాతా

ఏప్రిల్, మే నెలలు వచ్చాయంటే అమెరికా యూనివర్సిటీల్లో ఫ్రటర్నిటీలు ఏడాది నివేదికలు సిద్ధం చేసుకుంటాయి. గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే ఈ మగపిల్లల సంఘాలకు ఒక్కో క్యాంపస్‌లో ఉండే శాఖను చాప్టర్ అంటారు. నివేదికల మూస దాదాపు ఒకటే. నిరుడు ఇంతమందిమి, ఈ ఏడు ఇంతమందిమయ్యాం; సగటు మార్కులు ఇంత పెరిగాయి; ఫుడ్ బ్యాంకులో, హైవే పక్కన చెత్త ఏరడంలో, బడిపిల్లలకు పాఠాలు చెప్పడంలో కలిపి ఇన్ని గంటలు పనిచేశాం; ఫలానా జబ్బు మీద పరిశోధనకు ఇన్ని డాలర్లు పోగుచేశాం. కొందరు ఆ గంటల్ని డాలర్లలోకి కూడా మార్చి చూపిస్తారు. స్వచ్ఛంద సేవకు గంటకింత విలువ అని ఇండిపెండెంట్ సెక్టార్ అనే సంస్థ ఏటా ఒక రేటు ప్రకటిస్తుంది, ఇటీవల అది 30 డాలర్లు దాటింది. దాంతో హెచ్చవేస్తే పెద్ద మొత్తమే తేలుతుంది. నివేదిక జాతీయ కార్యాలయానికీ, యూనివర్సిటీ అధికారులకూ, విరాళాలిచ్చే పాత సభ్యులకూ వెళ్తుంది. ఈ అంకెలు అబద్ధాలని నేననడం లేదు, చాలావరకు నిజాలే అయివుంటాయి. వాటిని చూసి ఒక చాప్టర్ మంచిచెడ్డలు తేల్చేయడం మాత్రం తప్పు. చాప్టర్ ఊరివాళ్ళతో ఎలా ఉందన్నది సేవా గంటల్లో కొంత కనబడుతుంది. కొత్తగా చేరిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడితో తలుపులు వేసుకున్నాక ఎలా ఉందన్నది ఆ నివేదికలో ఎక్కడా ఉండదు. ముందుగా చూడాల్సింది ఆ రెండోదే.

అమెరికా కాలేజీ కుర్రాళ్ళ గొడవ తెలుగు పత్రికకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళకి ఫ్రటర్నిటీలతో పెద్దగా పనిపడదు. అవి ప్రధానంగా డిగ్రీ విద్యార్థుల లోకం. అక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల సంగతి వేరు. 1965 నాటి వలస చట్టం తర్వాత వెళ్ళిన భారతీయ డాక్టర్ల, ఇంజినీర్ల పిల్లలు 1990ల నాటికి పెద్ద సంఖ్యలో కాలేజీలకొచ్చారు. పాత ఫ్రటర్నిటీల్లో తమకు చోటున్నట్టు అనిపించక సొంతవి పెట్టుకున్నారు. 1994లో బింగమ్‌టన్‌లో అయోటా న్యూ డెల్టా, 1996లో యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై, 1999లో లాస్ ఏంజెలస్‌లో బీటా కై థీటా అలా పుట్టాయి. ఆడపిల్లల కోసం 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా వచ్చింది. తర్వాతి తరం పిల్లలు అటు వీటిలోనూ, ఇటు శతాబ్దం దాటిన పాత సంఘాల్లోనూ చేరుతున్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లిదండ్రులకు అదొక క్లబ్బు. నిజానికి అది క్లబ్బుకంటే చాలా బిగుతైన వ్యవస్థ.

ఆ బిగుతుకి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. గ్రీకు అక్షరాల సంప్రదాయం 1776లో విలియమ్ అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పాతో మొదలైనా, ఇప్పుడు మనం చూసే తరహా ఫ్రటర్నిటీలకు ఆరంభం 1825లో న్యూయార్క్ రాష్ట్రపు యూనియన్ కాలేజీలో ఏర్పడిన కప్పా ఆల్ఫా సొసైటీ. రహస్య ప్రమాణాలు, సంకేతాలు, ఆహ్వానం ఉంటే తప్ప అడుగుపెట్టలేని గడప; ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది. నల్లవారికి, యూదులకు ప్రవేశం లేదని నిబంధనల్లోనే రాసుకున్నవి రెండో ప్రపంచయుద్ధం తర్వాత కూడా చాలా ఉండేవి. ఆ వెలివేతలోంచే 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా, 1908లో హోవర్డ్‌లో ఆడపిల్లల సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా వచ్చాయి. మొదటిదానిలో మార్టిన్ లూథర్ కింగ్ సభ్యుడు, రెండోదానిలో కమలా హారిస్ సభ్యురాలు. ఓటు హక్కు కోసం 1930లలోనే ఉద్యమం నడిపిన ఆల్ఫా ఫై ఆల్ఫాకి సమాజసేవ ఏడాది చివర నివేదికలో నింపే గడి కాదు, అది దాని ఉనికిలోనే భాగం. కాబట్టి ఫ్రటర్నిటీ అనగానే తాగుడు, అల్లరి అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను.

ఇక అసలు విషయానికి పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీని మించిన సాక్ష్యం లేదు. అక్కడి ఫ్రటర్నిటీల మండలి 1973లో ఒక డాన్స్ మారథాన్ మొదలుపెట్టింది. తొలి ఏడాది పోగైంది రెండు వేల డాలర్ల చిల్లర. థాన్ అని పిలిచే ఆ కార్యక్రమం 1977 నుంచి ఫోర్ డైమండ్స్ అనే నిధికి అండగా ఉంటోంది. కొడుకును క్యాన్సర్‌కి పోగొట్టుకున్న దంపతులు 1972లో పెట్టిన నిధి అది; హెర్షీలోని యూనివర్సిటీ పిల్లల ఆసుపత్రిలో క్యాన్సర్ వైద్యం చేయించుకునే కుటుంబాలకు ఇన్సూరెన్స్ పోను మిగిలిన బిల్లు భరిస్తుంది. ఏటా ఫిబ్రవరిలో వందలమంది విద్యార్థులు 46 గంటలపాటు కూర్చోకుండా, కునుకు తీయకుండా నిలబడతారు. వ్యాధి తగ్గిన పిల్లలు వేదికెక్కి మాట్లాడతారు. కాలక్రమేణా ఇందులో ఫ్రటర్నిటీలతో సంబంధం లేని వేలమంది విద్యార్థులు కూడా చేరారు. ఇప్పటికి పోగైన మొత్తం 20 కోట్ల డాలర్లు దాటింది. 2025లో ఆ ఒక్క ఏడాదే కోటీ 77 లక్షలు. విద్యార్థులు నడిపే దాతృత్వ కార్యక్రమాల్లో ప్రపంచంలోనే పెద్దదని నిర్వాహకులు చెప్పుకుంటారు. ఆ మాటలో అతిశయోక్తి ఉన్నట్టు తోచదు.

అదే యూనివర్సిటీలో, 2017 ఫిబ్రవరి 2 రాత్రి, బీటా థీటా పై చాప్టర్ ఇంట్లో కొత్త సభ్యుల్ని ఆహ్వానించే తంతు జరిగింది. కాగితం మీద ఆ ఇల్లు మద్యరహితం. గోడలకు సీసీ కెమెరాలున్నాయి. విద్యార్థులపై ఓ కన్నేసి ఉంచడానికి అక్కడే నివసించే పెద్దమనిషి ఒకరున్నారు. ఆదర్శ చాప్టర్‌గా దానికి పేరు కూడా ఉండేది. ఆ రాత్రి టిమతీ పియాజా అనే పంతొమ్మిదేళ్ళ ఇంజినీరింగ్ విద్యార్థికి 82 నిమిషాల్లో 18 సార్లు మద్యం అందిందని తర్వాత దర్యాప్తులో తేలింది. అతను బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి తలకిందులుగా పడ్డాడు. పైకి మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టారు. అంబులెన్స్ పిలుద్దామన్న ఒక కొత్త సభ్యుణ్ణి గోడకేసి నెట్టారు. దాదాపు పన్నెండు గంటల తర్వాత, మర్నాడు పొద్దెక్కాక గానీ ఫోన్ చేయలేదు. ఫిబ్రవరి 4న పియాజా చనిపోయాడు. ఇందులో చాలా భాగం ఆ ఇంటి కెమెరాల్లోనే రికార్డయింది. రెండు వారాలు తిరిగేసరికి, ఫిబ్రవరి 17న, అదే ఊళ్ళో థాన్ మొదలైంది. ఆ ఏడాది కోటి డాలర్లకు పైగా పోగైంది.

ఈ రెండు సంఘటనలూ ఒకదానికొకటి విరుద్ధమనీ, మంచి పిల్లలు కొందరు, చెడ్డ పిల్లలు కొందరనీ అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది. నాకు అలా కనిపించడం లేదు. 46 గంటలు కాళ్ళు వాచిపోయినా కూర్చోకపోవడం, పక్కన ఒకడు ఊపిరాడక మూలుగుతున్నా ఫోన్ తీయకపోవడం, ఈ రెంటి వెనకా ఉన్న శక్తి ఒకటే: గుంపు ఏమంటే అది చేయడం. గుంపు క్యాన్సర్ పిల్లల వైపు తిరిగితే అద్భుతం జరుగుతుంది, గుంపు పరువు కాపాడుకోవడం వైపు తిరిగితే ప్రాణం పోతుంది. ఆ శక్తి ఎంతుందో సేవా గంటల లెక్క చెప్పగలదు, ఏ క్షణాన ఎటు తిరుగుతుందో చెప్పలేదు. పైగా చాలా చాప్టర్లలో సభ్యుడికి ఏడాదికి ఇన్ని గంటల సేవ అని కనీస పరిమితి ఉంటుంది. ఎగ్గొడితే కొన్నిచోట్ల జరిమానా. అంటే ఆ అంకెలో ఎంత దయ ఉందో, ఎంత క్రమశిక్షణ ఉందో విడదీయలేం. ఇది అమెరికాకే పరిమితమైన జబ్బు కాదు. గాంధీ శతజయంతి సందర్భంగా 1969లో మొదలైన మన ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటల నియమం ఉంది. సర్టిఫికెట్ కోసం ఆ గంటలు ఎలా నిండుతాయో మన డిగ్రీ కాలేజీల్లో చదివినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. డబ్బు ఎవరి చేతులమీదుగా వచ్చిందని క్యాన్సర్ పిల్లవాడి తల్లి అడగదు, బిల్లు కట్టారా లేదా అన్నదే ఆమెకు ముఖ్యం. పూర్తిగా ఒప్పుకుంటాను. థాన్ ఆపేయాలని ఎవరైనా అంటే అది మూర్ఖత్వం. నేననేది ఒకటే: ఆ పుణ్యం ఆసుపత్రి ఖాతాలో పడనివ్వండి, చాప్టర్ నడవడి ఖాతాలో జమచేయకండి. జమచేయడం వల్ల నష్టం జరుగుతుంది గనుకే ఈ మాట. యూనివర్సిటీ పాలకులకు ఫ్రటర్నిటీల మీద చర్య తీసుకోవడం ఎప్పుడూ ఇష్టం ఉండదు. విరాళాలిచ్చే పాత విద్యార్థుల్లో చాలామంది వాటిలోంచి వచ్చినవాళ్ళే, వేలమందికి వసతి చూపేవీ ఆ ఇళ్ళే. కోట్ల డాలర్ల సేవ అనే అంకె ఆ వెనకంజకి మర్యాదైన సాకు ఇస్తుంది. పెన్ స్టేట్ అధికారులకు ప్రమాదాలు ముందే తెలిసినా దిగ్భ్రాంతి కలిగించేంత ఉదాసీనంగా ఉన్నారని 2017 డిసెంబర్‌లో, కేసును పరిశీలించిన పౌరుల బృందం (గ్రాండ్ జ్యూరీ) రాసిన మాటల్ని ఆ వెలుగులోనే చదవాలి.

వేల చాప్టర్లలో ఒకటో రెండో దారితప్పితే అన్నిటికీ మసి పూస్తారా అన్నది రెండో అభ్యంతరం. ఒకటో రెండో అన్న మాట నిలబడదు. మెయిన్ రాష్ట్రపు యూనివర్సిటీకి చెందిన ఎలిజబెత్ ఆలన్, మేరీ మ్యాడెన్ 53 విద్యాసంస్థల్లో 11 వేలమందికి పైగా విద్యార్థుల్ని అడిగి 2008లో వెలువరించిన అధ్యయనంలో, క్లబ్బుల్లోనో జట్లలోనో సంఘాల్లోనో ఉన్న విద్యార్థుల్లో 55 శాతం మంది ఏదో రూపంలో హేజింగ్ అనుభవించారని తేలింది. హేజింగ్ అంటే మన ర్యాగింగ్‌కి దగ్గర బంధువు. అయితే ఇక్కడ సీనియర్లు కనపడ్డ జూనియర్‌నల్లా పట్టుకుంటారు, అక్కడ చేరాలని కోరుకుని వచ్చినవాడినే, చేరడానికి షరతుగా వేధిస్తారు. కోరుకుని వచ్చాడు గనక ఫిర్యాదు చేయడు. ఇంకోటి, చెడ్డ చాప్టర్‌ని ముందుగా గుర్తుపట్టడానికే కదా ఈ నివేదికలు, అవార్డులు ఉన్నది? ఆదర్శమన్న ఇంట్లోనే చావు జరిగిందంటే ఆ కొలతలు పనిచేయలేదనే అర్థం. నియమాల జాబితాలూ అంతే. ఫై డెల్టా థీటా 2000 నుంచే తన ఇళ్ళలో మద్యం నిషేధించింది. 2017 సెప్టెంబర్‌లో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో దాని చాప్టర్ ఇంట్లోనే ఓ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు బలవంతపు తాగుడుకి బలయ్యాడు. మైనారిటీల సంఘాలైతే ఈ రోగం ఉండదన్న భ్రమ కూడా వద్దు. ఆసియన్ అమెరికన్ల పై డెల్టా సై న్యూయార్క్ చాప్టర్ 2013లో పెన్సిల్వేనియాలోని పోకోనో కొండల్లో చేసిన తంతులో ఒక విద్యార్థి చనిపోయాడు. 2017లో కోర్టు ఆ ఫ్రటర్నిటీ మొత్తాన్నే సంస్థగా దోషి అని తేల్చి, మరుసటి ఏడాది పదేళ్ళపాటు పెన్సిల్వేనియాలో కాలుపెట్టకుండా నిషేధించింది. మనవాళ్ళ సంఘాలు కూడా ఇదే అచ్చులో పోసినవే.

కష్టపెట్టకపోతే బంధం ఎలా గట్టిపడుతుంది, సైన్యంలోనూ అంతే కదా అని పాత సభ్యులు అంటారు. ఈ వాదనలో కొంత నిజం ఉందని ఒప్పుకోకుండా దీన్ని ఎదుర్కోలేం. 1959లో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చాబృందంలో చేరడానికి కొందరు విద్యార్థినుల్ని బాగా సిగ్గుపడే పరీక్షకు గురిచేశారు, కొందరిని తేలిగ్గా వదిలేశారు. తర్వాత అందరికీ కావాలనే చప్పగా తయారుచేసిన ఒకే చర్చ వినిపించారు. ఎక్కువ అవమానపడి చేరినవాళ్ళకే ఆ చర్చ ఎక్కువ ఆసక్తికరంగా అనిపించింది. అంటే బాధపెట్టి చేర్చుకుంటే అభిమానం పెరగడం నిజమే. కానీ ఆ అభిమానం చర్చ బాగున్నందువల్ల పుట్టలేదు, నేను పడ్డ బాధ వృథా కాలేదని మనసు తనకు తాను చెప్పుకోవడం వల్ల పుట్టింది. అలా చేరినవాడు మరుసటి ఏడాది తన కిందివాడికి అదే బాధ పెట్టకపోతే తన బాధకి విలువ పోతుంది. ఫ్రటర్నిటీల్లో ఈ చక్రం ఎందుకంత తేలిగ్గా తిరుగుతుందంటే, అక్కడ పెద్దరికం వయసు ఇరవై, ఇరవై ఒకటి. ఏటా నాలుగో వంతుమంది చదువు ముగించి వెళ్ళిపోతారు. పదేళ్ళ కిందటి చావు గుర్తున్నవాడు ఇంట్లో ఒక్కడూ ఉండడు, నిరుటి తంతు మాత్రం అందరికీ గుర్తుంటుంది.

నివేదికల్లో మొదటి పేజీ ఆక్రమించే ఎదుగుదల కూడా ఈ ఒత్తిడిలో భాగమే. సొంత ఇల్లున్న చాప్టర్‌కి ప్రతి ఏడూ మంచాలు నిండాలి, అప్పు వాయిదాలు కట్టాలి, జాతీయ కార్యాలయానికి తలకింత చొప్పున రుసుము, బీమా చెల్లించాలి. సభ్యుల సంఖ్య పెరగడం ఆరోగ్యానికి లక్షణం కావచ్చు, వట్టి ఆర్థిక అవసరమూ కావచ్చు. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనబడతాయి.

ఫ్రటర్నిటీల్లో చేరినవాళ్ళు బాగుపడటం లేదా అంటే, పడుతున్నారు. అమెరికాలోని ఒక ఈశాన్య ప్రాంత కాలేజీ పూర్వ విద్యార్థుల మీద యూనియన్ కాలేజీ ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో ఫ్రటర్నిటీ సభ్యత్వం వల్ల మార్కులు జీపీఏలో పావు పాయింటు తగ్గినా, తర్వాతి ఆదాయం సుమారు 36 శాతం పెరిగిందని తేలింది. ఒక్క కాలేజీ లెక్కే గనక దాన్ని అన్నిచోట్లకీ వర్తింపజేయలేం గానీ, పరిచయాల బలం కల్పన కాదు. 2014 గ్యాలప్ సర్వేలో కూడా ఫ్రటర్నిటీల్లో, ఆడపిల్లల సంఘాలైన సొరోరిటీల్లో ఉండి వచ్చినవాళ్ళు ఉద్యోగంలో కాస్త ఎక్కువ ఉత్సాహంగా ఉన్నామన్నారు. అయితే ఈ లాభమే ప్రమాదానికి ఎరువు. బయటికి పొమ్మంటే జీవితకాలపు పరిచయాలు పోతాయనుకునే కుర్రాడు ఎంత దూరమైనా సహిస్తాడు, ఎంత చూసినా నోరు మెదపడు.

మరి ఏం కొలవాలి? ఆహ్వానం అందుకుని మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళెంతమంది, వాళ్ళు ఎందుకు వెళ్ళారని బయటివాళ్ళెవరైనా అడిగారా? ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు ఆ ఇంటినుంచి అత్యవసర నంబర్‌కి ఫోన్ వెళ్ళిందా? సేవ ఒకే బడిలో, ఒకే వృద్ధాశ్రమంలో ఏళ్ళ తరబడి సాగిందా, ఫోటో దిగి వచ్చేసిన శనివారాల మొత్తమా? ఇవి కొలవలేనివి కావు. వేరే పద్ధతి సాధ్యమే అనడానికి నమూనాలూ ఉన్నాయి. 1925లో లఫాయెట్ కాలేజీలో స్కౌటు ఆదర్శాలతో పుట్టిన ఆల్ఫా ఫై ఒమేగాకి సేవే ప్రధానం, చాప్టర్ ఇళ్ళు లేవు, 1976 నుంచి ఆడపిల్లలకూ సభ్యత్వం ఉంది. వరుస చావుల తర్వాత సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ 2014లో ప్లెడ్జింగ్ అనే కొత్తవాళ్ళ పరీక్షాకాలాన్నే ఎత్తేసింది. దాంతో అంతా చక్కబడిందని ఎవరూ అనరు, కానీ పరీక్షాకాలం లేకపోతే ఫ్రటర్నిటీయే ఉండదన్న వాదన మాత్రం అక్కడితో తేలిపోయింది.

చట్టం కూడా ఇప్పుడు ఈ దిశగానే కదిలింది. పియాజా పేరుతో పెన్సిల్వేనియా 2018లో తెచ్చిన చట్టం తీవ్రమైన హేజింగ్‌ని ఫెలొనీగా, అంటే పెద్ద నేరంగా మార్చింది, ప్రతి కాలేజీ ఉల్లంఘనల జాబితా బయటపెట్టాలంది. 2024 డిసెంబర్‌లో అప్పటి అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ ఆ బయటపెట్టే నియమాన్ని దేశమంతటికీ విస్తరించింది. దాని ప్రకారం హేజింగ్ సంఘటనల్ని కాలేజీలు లెక్కలో చేర్చాలి, తప్పు చేసినట్టు తేలిన సంఘాల పేర్లు, ఏం చేశాయో, ఏ శిక్ష పడిందో వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. మన దగ్గర 1997లోనే ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది గానీ, ఏ కాలేజీలో ఎన్ని కేసులు, ఏమయ్యాయి అన్నది తల్లిదండ్రులు ఓ చోట సులువుగా చూసుకునే ఏర్పాటు నాకు తెలిసి ఇప్పటికీ లేదు. ఈ ఒక్క విషయంలో అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది ఉంది.

అక్కడున్న తెలుగు తల్లిదండ్రులకు, సెలవుల్లో మనవడితో ఫోన్లో మాట్లాడే ఇక్కడి తాతయ్య, అమ్మమ్మలకు ఒక విన్నపం. అబ్బాయి ఫలానా ఫ్రటర్నిటీలో చేరుతున్నానంటే వద్దని గదమాయించకండి. అలా అంటే చెప్పకుండా చేరతాడు. వాళ్ళు చేసిన సేవ, పోగుచేసిన డబ్బు గురించి అతను చెప్పేది ఓపిగ్గా వినండి. ఆ తర్వాత కాలేజీ వెబ్‌సైట్‌లో హేజింగ్ నివేదిక తెరిచి, ఆ చాప్టర్ పేరు అందులో ఉందో లేదో ఇద్దరూ కలిసి చూడండి. ఆ పని అతను బిడ్ అనే ఆహ్వానపత్రం మీద సంతకం పెట్టకముందే జరగాలి.